ఊరి చప్పుళ్ళు, ఊరి కబురు

(గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



సమాచార శాఖ ఉద్యోగి వేదిక యెక్కినచో ఏదో ఒక పథకమును గూర్చి చెప్పుననియు, చివర కరపత్రములు పంచిపెట్టుననియు మీరెరుగుదురు. నేడు మేము కరపత్రములు తేలేదు. చిన్ననాట మేము మా గ్రామములో ప్రతిదినమును విని, ఇప్పుడు ఏ గ్రామమునకు పోయినను వినరాని కొన్ని చప్పుళ్ళను గూర్చి మాటాడ దలచితిమి. పంచాయతీ సభ్యులకు ఇందుతో పని యేమని మీలో కొందరు ఒకరి ముఖ మొకరు చూచుకొనుచున్నారు. పని కలదు. ఆ చప్పుళ్ళలో కొన్ని వట్టి చప్పుళ్ళు. కొన్ని ఊరికి కబురు చెప్పునవి. వట్టి చప్పుడు పోయినందున ఎవరికిని నష్టము లేదు. కబురు చెప్పు చప్పుడు పోయినప్పుడు మాత్రము, ఆ కబురు ఇప్పుడు ఎవరికి చేరుచున్నది, ఎవరికి చేరుట లేదు అను ప్రశ్న మిగిలియున్నది. దానికి జవాబు చెప్పవలసినది పంచాయతీయే.

మా బాల్యము 1980 తరువాతి పదేండ్లలో గడచినది. మోట బావుల కాలము అప్పటికే దాటిపోయినది. మోట కప్పి కిర్రుమను చప్పుడును మేము పెద్దల మాటలలో విన్నదే గాని చెవులతో విన్నది లేదు. దంపుడు బియ్యము కూడ అరుదైనది. ఐనను పండుగలకు ముందు అటుకులకో, అరిసెల పిండికో ఇంటింట రోకటి పోటు వినబడుచుండెడిది. మధ్యాహ్నవేళ తిరగలి గరగరయు, తెల్లవారుజామున కవ్వపు చప్పుడును ఉండెడివి. వీనిని తలచుకొని కన్నీరు పెట్టుకొనువారు పట్టణములలో పలువురు కలరు. రోకటి పోటు వినసొంపుగా నుండెనని వ్రాయువారు సాధారణముగా రోకలి పట్టినవారు కారు. మా యింటి స్త్రీల అరచేతులలోని కాయలు మేము చూచియున్నాము. మర వచ్చి ఆ చప్పుడును మాన్పించినది, మేలే చేసినది. మీలో సగము మంది స్త్రీలు కావున ఈ మాట మాకంటె మీకే బాగుగా తెలియును.

బావి గిలక సంగతి కొంచెము వేరు. ఊరి మంచినీటి బావి యొద్ద తెల్లవారక ముందే గిలక కిర్రుమనుట మొదలయ్యెడిది. ఆ చప్పుడు ఏ వేళకు మొదలైనది, ఎంతసేపు సాగినది అనుదానిని బట్టి బావిలో నీరెంత యున్నదో ఇంటిలో పండుకొనియే చెప్పగలిగిన ముసలివారుండెడివారు. వేసవిలో చేద దిగుటకు పట్టు కాలము పెరిగెడిది. తరువాత ఇండియా మార్కు-2 చేతి పంపులు వచ్చినవి. వాని ఇనుప పిడి ధనధనమని కొట్టుకొను చప్పుడు మా తరమువారి చెవులలో ఇంకను ఉన్నది. పిల్లలము మేము పంపు కొట్టుచు లెక్కపెట్టెడివారము. కొన్ని పంపులు వానకాలములో నాలుగైదు కొట్టుళ్ళకు నీరు పోసెడివి. నడివేసవిలో ఇరువది, ముప్పది కొట్టినను గొంతు తడియని పంపులు కలవు. ఆ లెక్క ఏ కాగితము మీదను ఎక్కలేదు. కాని ఊరిలో ప్రతి పిల్లవానికిని అది తెలిసియుండెను. ఇప్పుడు నీరు భూమిలో మునిగియున్న మోటారు వలన వచ్చుచున్నది, కొళాయిలో పడుచున్నది. సుఖమే. ఐనను ఆ మోటారు ఏమియు చెప్పదు. నీరు దిగిపోవుచున్నంత కాలము మౌనముగా లాగుచుండును, ఒకనాడు కాలిపోవును. ఆనాడు గ్రామస్థులు ఖాళీ బిందెలతో పంచాయతీ కార్యాలయము ముందు నిలుతురు. నెల కొక్కసారి బోరులో నీటి మట్టమును కొలిపించి గోడమీద వ్రాయించుట పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు.

పిండిమర ఇంజను చప్పుడును, బడి వరండాలో వ్రేలాడిన పట్టా ముక్కపై సుత్తి దెబ్బయు, ఎడ్ల మెడలలోని మువ్వలును ఇట్టివే. మర మ్రోగుచున్నచో గోధుమలు మూటకట్టుకొని పోవుటయు, గంట మ్రోగినచో పలక పట్టుకొని పరుగెత్తుటయు ఆ కాలపు గడియారము. ఇంటింట గడియారము వచ్చిన పిదప వాని పని తీరిపోయినది. ఇందు చింతింపవలసినది లేదు.

ఇక టముకు సంగతి. నేటి మా ప్రసంగమునకు అసలు విషయము ఇదియే.

ఒకచోట టముకు అనియు, ఒకచోట దండోరా అనియు, మరియొకచోట డప్పు చాటింపు అనియు అందురు. పొలములనుండి మనుష్యులును పశువులును ఇల్లు చేరి, దీపములు పెట్టు వేళ ఊరి నడిబొడ్డున డప్పు మ్రోగెడిది. తినుచున్న ముద్ద నట్లే పట్టుకొని పిల్లలు వీధిలోనికి ఉరికెడివారు. చాటువాడు కొంతసేపు వాయించి, ఆపి, జనము సద్దుమణుగు వరకు ఆగి, "ఇందుమూలముగా ఊరి ప్రజలందరికి తెలియజేయునది ఏమనగా" అని మొదలుపెట్టెడివాడు. ఎల్లుండి తూము ఎత్తుదురు, కాలువ క్రింది రైతులు మడవలు చూచుకొనవలెను. రేపు ఉదయము బడి యొద్ద పశువులకు టీకాలు వేయుదురు. శుక్రవారము చెరువు చేపల వేలము పాట. ఇంటి పన్ను బాకీదారులు ఈ నెలాఖరులోగా చెల్లింపవలెను. 1995లో పల్స్ పోలియో కార్యక్రమము మొదలైన తరువాత చుక్కల మందు కబురును పలు గ్రామములకు చేర్చినది ఈ డప్పే. చెప్పినది చెప్పి, మరల రెండు దెబ్బలు వేసి, తరువాతి సందు మొగకు సాగెడివాడు. దూరము పోయిన కొలది మాటలు వినబడక డప్పు మాత్రము వినబడుచుండెడిది. మేము పిల్లలము వాని వెంట నాలుగు వీధులు తిరిగి, అదే మాటను నాలుగు మారులు విని, ఇంటికి వచ్చి తిట్లు తినెడివారము.

అందులో మూడు గుణములు మాకు ఇప్పుడు కనబడుచున్నవి. మొదటిది, అది పిలువకయే గుమ్మము ముందుకు వచ్చును. చదువు రానివారు, మంచము పట్టినవారు, వంటయింటిలో పొయ్యి యొద్ద నున్న స్త్రీలు, గొర్రెల మందతో అప్పుడే ఊరు చేరిన కాపరి, వీరందరు ఒకే వేళ ఒకే మాట విందురు. రెండవది, అందరి యెదుట చాటబడినది కావున నాకు తెలియదని ఎవ్వరును అనలేరు. చాటకయే చాటితిమని అధికారి యైనను అనలేడు. రెండవ భాగమును సభ్యులు గమనింపవలెను. మూడవది, గుమ్మములో నిలుచున్న ముసలమ్మ "ఎన్ని గంటలకు నాయనా? ఆవును తోలుకొని రావలెనా, దూడను గూడనా?" అని అడిగినచో వాడు నిలిచి జవాబు చెప్పెడివాడు. జవాబు తెలియనిచో మరునాడు కనుగొని చెప్పెడివాడు.

ఇంతవరకు చెప్పి ఊరకుండుట న్యాయము కాదు. ఆ డప్పు పట్టినవాడు ఎవడు? అనేక గ్రామములలో వాడు దళితవాడ నుండి తరతరములుగా వెట్టి చాకిరికి కట్టుబడిన కుటుంబమువాడు. ఊరికంతకును కబురు చెప్పవలసిన మనిషికి ఊరిలో కొన్ని వీధులలో చెప్పులు తొడుగుకొని నడచుటకు వీలు లేని రోజులు కలవు. ఏటి కొక్కసారి కళ్ళములో కొలిచిపెట్టిన గింజలే వాని జీతము. అదియును దయగా పెట్టినట్లు పెట్టెడివారు. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము వంశపారంపర్యపు కరణము, మునసబు ఉద్యోగములను రద్దు చేసినది. గ్రామ సేవకుల బ్రతుకులు అంత త్వరగా మారలేదు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా ఉద్యమము ఆరంభమైనది. అంతవరకు ఊరి పెద్దల మాటను చాటిన చేతులు అటుపిమ్మట తమ మాటను చాటుకొన మొదలిడినవి. ఆ తరువాత పుట్టిన యువకుడు ఊరికి ఊరక డప్పు కొట్టనన్నచో వానిని తప్పుపట్టుటకు మనకు హక్కు లేదు. టముకు మూగవోవుటకు యంత్రములు మాత్రమే కారణములు కావు. ఆ పనికి గౌరవమును, కూలియు లేకపోవుట గూడ కారణమే. పాత చప్పుళ్ళను తలచి మురియువారు ఈ సంగతిని తరచుగా దాటవేయుదురు.

పంచాయతీ రేడియోను గూర్చి మా శాఖవారము రెండు మాటలు చెప్పకుండుట బాగుండదు. ఆకాశవాణి విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1న ఆరంభమైనది. హైదరాబాదులోని దక్కన్ రేడియో 1950 ఏప్రిలులో ఆకాశవాణిలో కలిసినది. తరువాతి దశాబ్దములలో పంచాయతీ కార్యాలయములలో రేడియో పెట్టెలు వెలసినవి. పెట్టె తాళములో, గొట్టము కప్పుమీద. సాయంకాలము రైతుల కార్యక్రమము వేళకు అరుగుమీద జనము చేరెడివారు. 1975-76లో ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు దూరదర్శన కార్యక్రమములు చూపినప్పుడు మన రాష్ట్రపు గ్రామములును అందులో నుండెను. ఇవన్నియు మంచివే. ఐనను రేడియో ఢిల్లీ సంగతియు, వరి తెగులు సంగతియు చెప్పగలదు. మన ఊరి తూము ఎప్పుడు ఎత్తుదురో చెప్పలేదు. ప్రశ్న వేసినచో జవాబు చెప్పలేదు. కావుననే రేడియో ఉన్నంత కాలమును టముకు గూడ ఉండెను.

ఇప్పుడేమి యున్నది? ఆటోకు కట్టిన మైకు కలదు. అది వేగముగా పోవును, సందులలోనికి పోదు. "గ్రామ ప్రజలకు విజ్ఞప్తి" అనునంత వరకు ఒక ఇంటికి, "కావున తప్పక హాజరు కాగలరు" అనునది పదవ ఇంటికి వినబడును. నడుమ నేమి చెప్పినదో తొమ్మిదిండ్లవారు ఊహించుకొనవలెను. చెత్త బండి పాట కలదు, గుడి మైకు కలదు. ఇక చేతిలో ఫోను, అందులో వాట్సాప్ బృందము. దీనిని మేము తక్కువ చేయము. మా ఉద్యోగమే సగము దానిమీద నడచుచున్నది. కాని ఒక్క పని చేసి చూడుడు. మీ పంచాయతీ బృందములోని పేర్లను ఒక కాగితముపై వ్రాయించి, ఇంటి పన్ను జాబితా పక్కన పెట్టుడు. ఏ ఇండ్లు మిగిలిపోయినవో మీకే తెలియును. మా పర్యటనలలో ఇట్లు చూచిన చోట్ల మిగిలినవి ఎక్కువగా ఒంటరి వృద్ధుల ఇండ్లు, చిన్న ఫోను మాత్రమే యున్నవారి ఇండ్లు, వలస పోయి వచ్చు కూలీల ఇండ్లు. ఫోను కొడుకు చేతిలో నున్న ఇంటిలో కోడలికి కబురు చేరినట్లు లెక్క వేయరాదు. ఒక గ్రామములో గ్రామసభ ముగిసిన మరునాడు ఒక వృద్ధురాలు మమ్ము చూచి, "సభ ఎప్పుడు బాబూ?" అని అడిగినది. పింఛను మాట అడుగవలెనని ఆమె మూడు నెలలుగా కాచుకొనియుండెను.

గాలివాన వచ్చిన నాటి సంగతి మరియు ముఖ్యము. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినప్పుడు విద్యుత్తుతో పాటు ఫోనులును మూగవోయినవి. కొన్ని దినముల వరకు పలుచోట్ల పలుకలేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానమును కూల్చినప్పుడును అంతే. తుపానుకు ముందు ఫోను మిక్కిలి ఉపకారి. తుపాను తరువాత, బియ్యము ఎక్కడ ఇచ్చుచున్నారో, మంచినీటి ట్యాంకరు ఏ వీధికి వచ్చునో, తెగిన తీగలను ముట్టరాదని ఎవరు ఎవరికి చెప్పవలెను? 2023లో దేశమంతట ఫోనులన్నిటికి ఒకేసారి అత్యవసర హెచ్చరిక పంపు విధానమును పరీక్షించిరి. జేబులోని ఫోను సైరను వలె కూయగా ఉలికిపడినవారు మీలోను ఉండవచ్చును. మంచి ఏర్పాటు. ఐనను స్తంభము కూలిన చోట అది కూయదు. డప్పుకు కరెంటు వలదు.

గ్రామసభ మాట చెప్పవలెను. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టము ప్రకారము గ్రామసభ ఏడాదికి కనీసము రెండు మారులు జరుగవలెను. తెలంగాణమున 2018 చట్టము రెండు నెలల కొకసారి జరుపవలెనన్నది. 2024 ఆగస్టు 23న ఆంధ్రప్రదేశ్‌లోని 13,326 గ్రామ పంచాయతీలలో ఒకే దినమున గ్రామసభలు జరిగినవి. సభ యనగా వేదిక మీది నలుగురు కారు. ఓటరు జాబితాలో పేరున్న ప్రతివాడును అందులో సభ్యుడే. కబురు అందని సభ్యుడు రాడు. అతడు రాని సభలో అతని వీధి దీపము, అతని మురుగు కాలువ లెక్కకు రావు. తీర్మానము క్రింద సంతకములు మాత్రము నిండుగా నుండును. "దండోరా వేయించి తెలియపరచడమైనది" అను వాక్యము పంచాయతీ కాగితములలో నేటికిని కనబడుచునే యున్నది. ఆ వాక్యము వ్రాసిన చోటనెల్ల డప్పు మ్రోగినదా? ఈ ప్రశ్నకు జవాబు మాకు వలదు. మీరు మీ ఊరికి పోయిన పిదప మీలో మీరు వేసికొనుడు.

చాటింపును మరల నిలుపదలచిన పంచాయతీలకు మా అనుభవములో తోచిన కొన్ని సంగతులు చెప్పెదము. చాటు మనిషి ఎవరైనను సరే, పురుషుడైనను స్త్రీయైనను, ఇష్టముతో వచ్చినవారు కావలెను; ఫలానా కులమువారే చేయవలెనను పాత వాడుకను ముందుగా తీసివేయుడు. చాటింపుకు ఇంతయని కూలి నిర్ణయించి, చేసిన నాడే ఇప్పింపుడు. ఆంధ్రప్రదేశ్ సామాజిక పింఛనుల జాబితాలో డప్పు కళాకారులును చేరియున్నారు. ఆ విద్య తెలిసినవారు మీ ఊరిలో ఇంకను ఉండవచ్చును, వారిచే పిల్లలకు నేర్పించుడు. మాట చిన్నదిగా నుండవలెను. కార్యాలయపు భాషలో నాలుగు పంక్తుల వాక్యమును వ్రాసి చేతికిచ్చినచో ఎంతటివాడైనను తడబడును. ఎప్పుడు, ఎక్కడ, ఎవరు రావలెను, ఏమి తేవలెను: ఇంతే. (ఈ విషయములో మా శాఖవారము నీతులు చెప్పుట చూచి మీరు నవ్వుకొనుచున్నారని ఎరుగుదుము.)

దారి ముఖ్యము. చాటింపు ఏ మూల మొదలై ఏ మూల ముగియునో ఒక పటము గీయింపుడు. పూర్వము కొన్ని ఊళ్ళలో డప్పు పెద్ద వీధులు తిరిగి, వాడలోనికి పోక, చెరువు గట్టున ఆగిపోయెడిది. డప్పు పట్టినవాడు అక్కడివాడే కావున వాడే చెప్పుకొనునులే యని ఊరివారి ఊహ. ఇప్పుడు శివారు కాలనీలు, క్రొత్త ఇండ్ల వరుసలు వచ్చినవి. ఒకమారు అక్కడినుండియే మొదలుపెట్టి చూడుడు. వేళ కూడ చూడవలెను. ఉదయము పది గంటలకు చాటినచో కూలికి పోయినవారు వినరు. సాయంకాలము, కొళాయి వదలు సమయమున చాటినచో స్త్రీలు వీధిలోనే యుందురు. చెవులు వినబడనివారు ప్రతి ఊరిలో కొందరుందురు. వారికై అదే మాటను నల్లబల్లపై పెద్ద అక్షరములతో వ్రాయించి, ఆ ఇంటికి ఒక మనిషిని పంపవలెను. ఫోను బృందమును మానవలదు. అది యువకులకు, ఊరు విడిచి పోయినవారికి కబురు చేర్చును.

చివరగా ఒక కోరిక. మీ ఊరిలో వెనుకటి చాటింపు చేసిన వృద్ధులు ఎవరైన నున్నచో వారి యొద్దకు పోయి, ఏ కబురుకు ఏ దరువు వేసెడివారో అడిగి, ఫోనులో ధ్వని ముద్రణ చేయింపుడు. చావు కబురుకు ఒక దరువు, జాతరకు ఒకటి, నీరు వదలుటకు ఒకటి యుండెనని వారిలో కొందరు మాతో చెప్పిరి. మాట వినబడక మునుపే దరువును బట్టి సంగతి తెలిసెడిదట. ముద్రించిన దానిని మండల కార్యాలయమునకు పంపినచో మేము భద్రపరచెదము. వారి పేరు, వారు అంగీకరించినచో, పంచాయతీ తీర్మాన పుస్తకములో వ్రాయింపుడు; ఆ దినపు కూలి గూడ ఇప్పింపుడు.